ఎయిర్ గన్ వీడియో ఎందుకు పెట్టలేదంటే... నీళ్ల పైపులో గాలి నింపితే ఏం జరుగుతుంది?

 

రెండు నెలల క్రితం ఒక ఎపిసోడ్ చివర్లో "నెక్స్ట్ వీడియోలో ఇంట్లోనే ఎయిర్ గన్ చేద్దాం" అని చెప్పాను, గుర్తుందా? అప్పటి నుంచి రోజూ అడుగుతూనే ఉన్నారు. "బ్రో గన్ ఎక్కడ", "అన్నా మాటిచ్చి ఎగ్గొట్టావ్" అని. నిజం చెప్పాలంటే వీడియో తీశాను. ఎడిటింగ్ కూడా సగం అయింది. కానీ పెట్టలేదు, ఇక పెట్టను కూడా. ఎందుకో ఈరోజు చెప్తాను. చెప్పి వదిలేయను, దాని బదులు ఏం చేశామో కూడా చూపిస్తాను. కొంచెం ఓపిగ్గా వినండి.

ముందు గన్ సంగతి. తుపాకీలో గుండు ఎందుకు ఎగురుతుంది? మందు మండి వేడి గ్యాస్ అవుతుంది, ఆ గ్యాస్ గుండుని తోస్తుంది. ఎయిర్ గన్‌లో మందు ఉండదు, మంట ఉండదు, ముందే నొక్కిపెట్టిన గాలి ఆ పని చేస్తుంది. అంతే తేడా. ఇది కొత్త ఐడియా ఏం కాదు. బస్తర్‌లో, జగదల్‌పూర్ దగ్గర గోంచా పండక్కి వెదురు గొట్టంతో 'తుప్కీ' అని చేస్తారు. గొట్టంలో చిన్న అడవి కాయ పెట్టి వెనక నుంచి పుల్లతో తోస్తే టప్ మని ఎగురుతుంది. అది అసలు సిసలు ఎయిర్ గన్. ఇక సీరియస్‌గా వాడింది ఆస్ట్రియా సైన్యం. 1780 ప్రాంతంలో గిరార్డోని అనే ఆయన చేసిన ఎయిర్ రైఫిల్ వాళ్ల దగ్గర ఉండేది. దాని ట్యాంక్ నిండాలంటే చేతిపంపు దాదాపు 1500 సార్లు కొట్టాలి. జిమ్ అక్కర్లేదన్నమాట.

ఇప్పటి మాటకొస్తే, 2012 లండన్ ఒలింపిక్స్‌లో మన హైదరాబాద్ గగన్ నారంగ్ కాంస్యం కొట్టింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లోనే. 2008లో అభినవ్ బింద్రా గోల్డ్ కూడా అదే ఈవెంట్. ఆ రైఫిల్ కింద పొడుగ్గా ఒక సిలిండర్ ఉంటుంది, గమనించారా? అందులో దాదాపు 200 బార్ గాలి ఉంటుంది. 200 బార్ అంటే మన బైక్ టైర్‌లో ఉండేదానికి దాదాపు వంద రెట్లు. కానీ ఆ సిలిండర్ లోహంతో చేసింది, టెస్ట్ చేసింది, దాని మీద తేదీ ఉంటుంది. తేదీ దాటితే షూటర్ దాన్ని వాడకూడదు. ఈ 'తేదీ' అనే మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

ఇంట్లో చేసే గన్‌లో ముఖ్యంగా మూడు ఉంటాయి. గాలి నిల్వ ఉండే ట్యాంక్, టక్కున తెరుచుకునే వాల్వ్, బ్యారెల్. నాకు కష్టంగా కనిపించింది వాల్వ్ ఒక్కటే. నెమ్మదిగా తెరుచుకుంటే గాలి కారిపోతుంది తప్ప దేన్నీ తోయదు. వారం రోజులు నా బుర్రంతా దాని మీదే. ట్యాంక్ గురించి ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. పైపుల షాపుకెళ్లి మూడించుల పీవీసీ పైపు రెండున్నర అడుగులు కోయించుకున్నాను. రెండు వైపులా క్యాపులు, సొల్యూషన్, టైర్ వాల్వ్ కోసం డ్రిల్‌తో ఒక చిల్లు. అయిపోయింది. లోపల మూడు లీటర్లు పడుతుంది.

మా వర్క్‌షాప్ మీరు చాలా వీడియోల్లో చూశారు కదా, హనుమకొండలో మా డాబా మీద రేకుల షెడ్డు. నాన్న మోటార్ వైండింగ్ చేసేవారు, ఆ బెంచీ, ఆ టూల్స్ అన్నీ ఆయనవే. పైపుకి సొల్యూషన్ రాస్తుంటే ఆయన పైకొచ్చి చూశారు.

"ఏందిరా ఇది?"

"ఎయిర్ ట్యాంక్ నాన్నా."

"గిది నీళ్ల పైపురా బిడ్డా. గాలికి కాదు."

నేను పైపు తిప్పి దాని మీద ప్రింట్ చూపించాను. ఆరు కేజీల క్లాస్ అని రాసుంది, అంటే చదరపు సెంటీమీటర్‌కి ఆరు కేజీలు. "ఆరు తట్టుకుంటుంది, నేను నాలుగే నింపుతున్నా" అన్నాను. ఇంజినీర్‌ని కదా, సేఫ్టీ మార్జిన్ చెప్తున్నానన్న ధీమా. ఆయన ఒక్క మాట అన్నారు. "నీళ్ల పైపు పగిలితే తడుస్తం. లారీ టైర్ పేలితే ఏమైతదో పంక్చర్ షాపు ముందు నిలబడి చూడు." అని కిందికి వెళ్లిపోయారు. నేను నవ్వుకున్నాను. ఇప్పుడు ఆ నవ్వు గుర్తొస్తే సిగ్గేస్తుంది.

గన్ పనిచేసింది. బ్రహ్మాండంగా పనిచేసింది. ఇంచున్నర బ్యారెల్, అందులో ఆలుగడ్డ. లెక్క చూడండి. నాలుగు బార్ అంటే చదరపు సెంటీమీటర్ మీద దాదాపు నాలుగు కేజీల బరువు. ఇంచున్నర గొట్టం అడ్డుకోత పన్నెండు చదరపు సెంటీమీటర్ల పైనే ఉంటుంది. అంటే ఆ ఆలుగడ్డ వెనక యాభై కేజీల తోపుడు. షెడ్డు చివర వేలాడదీసిన పాత పరుపుకి తగిలి గుజ్జు గుజ్జు అయ్యేది. పది రోజుల్లో నలభై సార్లకు పైగా కాల్చాను. ఏమీ కాలేదు.

మా అక్క కొడుకు చింటూ మీకు తెలుసు. పదకొండేళ్లు. ఎండాకాలం సెలవులకి మా ఇంటికి వచ్చాడు. వాడికి నేను ఒక డ్యూటీ ఇచ్చాను. బకెట్ బోర్లించి దాని మీద కూర్చుని, ట్యాంక్ మీదున్న ప్రెషర్ గేజ్ చూసి "మామా, రెండు... మూడు..." అని గట్టిగా చెప్పాలి. నేను కారు టైర్లకి వాడే చిన్న కంప్రెసర్‌తో గాలి కొడుతుంటాను. వాడి బకెట్‌కి, ట్యాంక్‌కి మధ్య రెండడుగులు కూడా లేదు.

మే నెల, మధ్యాహ్నం మూడు గంటలు. రేకుల షెడ్డు ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. వాడు "మూడున్నర మామా" అన్నాడు. అప్పుడే కింద నుంచి అక్క పిలిచింది, పుచ్చకాయ కోశాను రమ్మని. వాడు లేచి పరుగెత్తాడు. నేను పిలవబోయాను, "ఆగరా, ఒక్క షాట్" అని. ఎందుకో అనలేదు. గేజ్ నేనే చూస్తూ నాలుగు దాకా కొట్టాను.

శబ్దం నాకు గుర్తులేదు. చెవుల్లో కీచుమని మోత, ఎడమ మోచేతి కింద వేడిగా ఏదో కారుతోంది, అంతే. చూస్తే ట్యాంక్ లేదు. ముక్కలు. ఒక ముక్క నా చేతిలో దిగింది. ఒకటి ప్లైవుడ్ షీట్‌లో గుచ్చుకుంది. ఇంకొకటి చింటూ కూర్చున్న బకెట్‌ని ఇటు నుంచి అటు చీల్చేసింది. బోర్లించిన బకెట్. వాడు లేచి వెళ్లి ఒక నిమిషం కూడా అయ్యుండదు.

ఫోన్ అప్పుడు సెకనుకి 240 ఫ్రేముల స్లోమోషన్‌లో రికార్డ్ చేస్తోంది. తర్వాత చూశాను. ఒక ఫ్రేమ్‌లో పైపు మామూలుగా ఉంది. తర్వాతి ఫ్రేమ్‌లో పైపు లేదు, పొగలాంటి తెల్లటి మసక. రెండు ఫ్రేముల మధ్య టైమ్ నాలుగు మిల్లీసెకన్లు. మనం కన్ను ఆర్పడానికి వంద మిల్లీసెకన్లు పైనే పడుతుంది. తప్పుకుందాం, వంగుదాం అనే ప్రశ్నే లేదు.

ఆసుపత్రిలో ఆరు కుట్లు పడ్డాయి. డాక్టర్ గారు ఇంకో మాట చెప్పారు. లోహం ముక్క అయితే ఎక్స్‌రేలో స్పష్టంగా కనిపిస్తుంది, ప్లాస్టిక్ అంత సులువుగా కనిపించదు. లోపల ఇంకా చిన్న ముక్కలు ఉన్నాయా అని స్కానింగ్ చేసి వెతకాల్సి వచ్చింది.

సరే, ఆరు తట్టుకునే పైపు నాలుగుకే ఎందుకు పేలింది? కట్టు కట్టుకుని మంచం మీద పడుకుని చేసిన పని ఇదే, చదవడం. నాకు అర్థమైంది మూడు విషయాలుగా చెప్తాను.

ఒకటి. పైపు మీద ఉన్న ఆ 'ఆరు' నీళ్లకి. అదీ 27 డిగ్రీల దగ్గర. మన దేశంలో ఈ పైపులకి ఐఎస్ 4985 అనే స్టాండర్డ్ ఉంది, అది తాగునీటి పైపుల స్టాండర్డ్. పీవీసీ వేడెక్కే కొద్దీ బలం తగ్గుతుంది. మే నెలలో రేకుల కింద పైపు 27 డిగ్రీల్లో ఉంటుందా?

రెండు. చిల్లు. డ్రిల్ వేసిన చోట ఒత్తిడి అంతా అంచుల దగ్గర పోగవుతుంది. గాలి నింపిన ప్రతిసారీ పైపు కొంచెం ఉబ్బుతుంది, వదిలితే తగ్గుతుంది. ఇలా ఒక నలభై సార్లు. కంటికి కనిపించని చీలిక ప్రతిసారీ ఇంకొంచెం పాకుతుంది. మన సాఫ్ట్‌వేర్ వాళ్ల భాషలో చెప్పాలంటే, నిన్న టెస్ట్ పాసైంది కాబట్టి ఈరోజూ పాసవుతుంది అనుకున్నాను. కోడ్ అరిగిపోదు, పైపు అరిగిపోతుంది. ఒలింపిక్ సిలిండర్ మీద తేదీ ఎందుకు ఉంటుందో అప్పుడు అర్థమైంది.

మూడు. ఇదే అసలు పాయింట్. నాన్న చెప్పిందీ ఇదే. నీళ్లు నొక్కితే నొక్కుకోవు. గాలి స్ప్రింగ్ లాగా నొక్కుకుంటుంది. నా ట్యాంక్‌లో మూడు లీటర్ల నీళ్లు నాలుగు బార్ ప్రెషర్‌లో ఉన్నాయనుకోండి, ఆ నీళ్లలో దాగున్న శక్తి దాదాపు 0.1 జౌల్. పైపు పగిలితే చిన్న చిమ్ముడు, ప్రెషర్ వెంటనే సున్నా. అదే మూడు లీటర్ల ట్యాంక్‌లో నాలుగు బార్ గాలి ఉంటే దాదాపు 700 జౌల్స్. ఏడు వేల రెట్లు. 700 జౌల్స్ అంటే ఎంత? పాతిక కేజీల బియ్యం బస్తాని స్లాబ్ ఎత్తు నుంచి కింద పడేస్తే వచ్చే దెబ్బ. ఆ బస్తా చింటూ పక్కన వేలాడుతూ ఉంది, దాని తాడు ఒక నీళ్ల పైపు.

ఇంకో సంగతి. ఇనప ట్యాంక్ అయితే చాలాసార్లు సాగి, చీలి గాలి వదిలేస్తుంది. పీవీసీ పెళుసుగా గాజులా పగులుతుంది, ప్రతి ముక్కా కత్తే. అందుకే అమెరికాలో కార్మికుల భద్రత చూసే ఓషా సంస్థ 1988లోనే బులెటిన్ ఇచ్చింది, నేలపైన పీవీసీ పైపుల్లో కంప్రెస్డ్ గాలి పంపొద్దని. నేను బీటెక్‌లో చేరడానికి ఎన్నో ఏళ్ల ముందు. మన ఇళ్లల్లో గ్యాస్ సిలిండర్ ఉంది కదా, దాని బలాన్ని కూడా నీళ్లు నింపి ప్రెషర్ పెట్టి టెస్ట్ చేస్తారు. ఒకవేళ పగిలినా నీళ్లు ఎగిరి మీద పడవు కాబట్టి.

ఇక్కడ కొందరు అంటారు, "బ్రో, ఆన్‌లైన్‌లో వందల మంది చేశారు, వాళ్లకేం కాలేదు." నిజమే. నాకూ నలభై సార్లు ఏమీ కాలేదు. నలభై మంచి షాట్ల వీడియో నా దగ్గర ఉంది. పేలిన రోజు చాలామంది వీడియో పెట్టరు, ఆసుపత్రికి వెళ్తారు. మనం చూసేది పేలని వాళ్ల వీడియోలే.

ఇంకా చట్టం సంగతి. ఎయిర్ గన్ అంటే బొమ్మ కదా అనుకుంటాం. 2016 ఆయుధాల నియమాల ప్రకారం బోర్ 4.5 మిల్లీమీటర్లు దాటినా, గుండు శక్తి 20 జౌల్స్ దాటినా లైసెన్స్ పరిధిలోకి వస్తుంది. ఒలింపిక్ రైఫిల్ పెల్లెట్ శక్తి ఏడు జౌల్స్ ప్రాంతంలో ఉంటుంది. నా ఇంచున్నర బ్యారెల్ దాదాపు 40 మిల్లీమీటర్లు. వంద గ్రాముల ఆలుగడ్డ సెకనుకి యాభై మీటర్ల వేగంతో పోతే 125 జౌల్స్, ఫాస్ట్ బౌలర్ వేసే బంతి అంత. అది నేరుగా ఎవరి ముఖానికైనా తగిలితే? నేను చేసింది బొమ్మ కాదు ఫ్రెండ్స్.

అక్కకి మొదట చెప్పలేదు. "పైపు కోస్తుంటే చెయ్యి తెగింది" అన్నాను. నాన్నకి తెలుసు, ఆయనా ఏం అనలేదు. విరిగిన బకెట్ మాత్రం షెడ్డు తలుపు దగ్గర పెట్టేశారు, రోజూ నాకు కనిపించేలా. రెండు వారాలు అయ్యాక ఆగలేకపోయాను. అక్కని పైకి తీసుకెళ్లి బకెట్ చూపించి, మొత్తం చెప్పాను.

"నా కొడుకుని నువ్వు ఆడ కూసోబెట్టినవా?" అంది. అంతే. నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. తిట్టినా బాగుండేది. ఈ ఎపిసోడ్ చేస్తున్నానని తనకి చెప్పాను. "చెయ్యి. బకెట్ కూడా చూపియ్" అంది. ఇదిగో, ఇదే ఆ బకెట్.

కొందరు ఫ్రెండ్స్ అన్నారు, "ఆ పేలుడు క్లిప్ పెట్టు, మిలియన్ వ్యూస్ గ్యారంటీ." పెట్టొచ్చు. కానీ ఆ క్లిప్‌తో పాటు నలభై సూపర్ షాట్లు కూడా వెళ్తాయి. చూసే పిల్లాడికి ఏది గుర్తుంటుంది? నాకైతే షాట్లే గుర్తుండేవి, ఆ వయసులో. అందుకే మొత్తం డిలీట్ చేశాను.

సరే, ఇక మంచి మాట. చింటూ ఊరుకోడు కదా. "మామా, గన్ లేకపోతే ఇంకేం చేద్దాం?" అని వెంటపడ్డాడు. గాలితోనే ఎగరాలి, కానీ గాలిని ఎక్కడా నిల్వ చేయకూడదు. అదీ కండిషన్. అలా చేసిందే ఈ కాళ్లతో తొక్కే రాకెట్ లాంచర్. నాసా వాళ్లు స్కూల్ పిల్లల కోసం ఇలాంటిదే నేర్పిస్తారు.

కావాల్సినవి: రెండు లీటర్ల కూల్‌డ్రింక్ బాటిల్, పాత సైకిల్ ట్యూబ్ రెండడుగుల ముక్క, అర ఇంచు పైపు ఒక అడుగు, టేపు, తెల్ల కాగితాలు. సైకిల్ షాపులో అడిగితే పాత ట్యూబ్ ఊరికే ఇస్తారు.

ట్యూబ్ ఒక చివర బాటిల్ మూతికి తొడిగి టేపు గట్టిగా చుట్టండి. రెండో చివర పైపుకి తొడిగి మళ్లీ టేపు. పైపుని నిలువుగా, పైకి చూసేలా ఒక ఇటుకకో చెక్కకో కట్టండి. లాంచర్ అయిపోయింది. పైపు పై చివర ఎప్పుడూ తెరిచే ఉంటుంది. అందుకే ఇక్కడ ప్రెషర్ నిలవదు, తొక్కిన క్షణం మాత్రమే ఉంటుంది. ఇక్కడ కూడా పీవీసీయే కదా అంటారేమో. పైపు అదే, కానీ ట్యాంక్ కాదు, దారి మాత్రమే. ఎట్టి పరిస్థితిలో బాటిల్‌కి పంపు గానీ కంప్రెసర్ గానీ తగిలించొద్దు.

రాకెట్: కాగితాన్ని అదే సైజు పైపు ఇంకో ముక్క చుట్టూ చుట్టి టేపు వేయండి. బిగుతుగా చుడితే ఎగరదు, మరీ వదులైతే గాలి పక్కల నుంచి పోతుంది. వేలితో తోస్తే హాయిగా జారాలి, అదే కొలత. పై చివర మడిచి టేపుతో మూసేయండి. మా మొదటి మూడు రాకెట్లు ఇక్కడే ఫెయిల్. తొక్కగానే ముక్కు ఊడి గాలి పైకి పోయింది, రాకెట్ అక్కడే ఉంది. ముక్కుకి రెండు వరసల టేపు వేశాకే ఎగిరింది. ముక్కులో మేకులు, రాళ్లు, గట్టివి ఏవీ పెట్టొద్దు, ఉత్త కాగితమే.

కింది చివర మూడో నాలుగో రెక్కలు అతికించండి. రెక్కలు లేకుండా ఒకటి, ఉన్నది ఒకటి ఎగరేసి చూడండి. లేనిది గాల్లో పల్టీలు కొడుతుంది. బరువు ముందు వైపు, గాలి ఎక్కువగా పట్టే రెక్కలు వెనక వైపు ఉంటేనే రాకెట్ నిటారుగా పోతుంది. బాణానికి వెనక ఈకలు ఎందుకు కడతారో ఇప్పుడు అర్థమైందా?

తొక్కాక బాటిల్ నలిగిపోతుంది. రాకెట్ తీసేసి, పైపు చివర పిడికిలి పట్టుకుని, ఆ పిడికిలిలోంచి ఊదితే మళ్లీ ఉబ్బుతుంది. రూల్స్ మూడే. పైపు మీదకి ముఖం వంచొద్దు. మనుషుల వైపు, కరెంటు తీగల వైపు పెట్టొద్దు. తొక్కేవాడు "మూడు, రెండు, ఒకటి" అని గట్టిగా చెప్పాకే తొక్కాలి.

ఎంత ఎత్తు వెళ్లిందో కొలవడానికి ఫోన్ స్టాప్‌వాచ్ చాలు. తొక్కిన క్షణం నుంచి నేల తాకే వరకు ఎన్ని సెకన్లో చూడండి. ఆ సంఖ్యని దాంతోనే గుణించి, 1.2తో గుణిస్తే దాదాపు ఎత్తు మీటర్లలో వస్తుంది. గాలి నిరోధం వల్ల కొంచెం తేడా ఉంటుంది, పర్లేదు. నాలుగు సెకన్లు వస్తే పంతొమ్మిది మీటర్లు, అంటే ఆరంతస్తుల బిల్డింగ్ ఎత్తు. ఒక కాగితం ముక్క, ఒక తొక్కుడు.

మా రికార్డ్ మూడున్నర సెకన్లు. అది నాది కాదు, చింటూది కూడా కాదు. నాన్నది. పిల్లాడు ఎగురుతూ తొక్కుతుంటే పక్కన నిలబడి చూసి, చెప్పులు విడిచి, పంచె పైకి కట్టి ఒకే ఒక్క తొక్కుడు. రాకెట్ వెళ్లి పక్కింటి వాటర్ ట్యాంక్ మీద పడింది. అక్క కింద నుంచి చూసి నవ్వింది. నెల రోజుల తర్వాత నా వైపు చూసి నవ్వడం అదే మొదలు.

సో ఫ్రెండ్స్, ఇంట్లో ఎవరైనా ఇప్పటికే పీవీసీ పైపుతో గాలి ట్యాంక్ చేసి పెట్టుకుని ఉంటే, దయచేసి గాలి నింపి ఒక చివరి షాట్ కొడదాం అనుకోకండి. ఖాళీగా ఉన్నప్పుడే రంపంతో రెండు ముక్కలుగా కోసేయండి. మీ రాకెట్ ఎన్ని సెకన్లు ఎగిరిందో మాత్రం నాకు చెప్పండి. నాన్న రికార్డ్ బద్దలు కొట్టినవాళ్ల రాకెట్ డిజైన్ వచ్చే ఎపిసోడ్‌లో చేసి చూపిస్తాను.

ఉంటాను. జాగ్రత్త.